దారికి ఎదురొచ్చిన గంజి

1942లో బర్మా నుంచి నడిచి ఇండియా చేరిన కాందిశీకుల్లో నేనొకదాన్ని. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ దారిలో మా అమ్మకు కలరా వచ్చింది, తరవాత మా తమ్ముడికీ వచ్చింది. అమ్మ పోయింది. తమ్ముడు బతికి, పెద్దవాడై, రైల్వేలో ఉద్యోగం చేసి, మనవల్ని ఎత్తుకున్నాడు. అమ్మ పడిపోయిన చోట మంచినీళ్ళు లేవు, మందు లేదు, ఆదుకునే మనిషి లేడు. తమ్ముడు పడిపోయిన చోట ఆ మూడూ ఉన్నాయి. ఆ రెండు చోట్లకూ మధ్య కొద్ది మజిలీల నడక, ఒక సరిహద్దు. నా ఆలోచనలు ఈనాటికీ ఆ కొద్దిపాటి దూరం దగ్గరే తిరుగుతుంటాయి.

మా అయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. రంగం, అంటే రంగూన్, వెళ్ళడమంటే మా వైపు వింతేమీ కాదు. కాకినాడలోనో, విశాఖపట్నంలోనో, భీమిలిలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కితే కొద్ది రోజుల్లో రంగూన్ రేవులో దిగేవారు. మేస్త్రీ ముందుగా డబ్బిచ్చి మనుషుల్ని తీసుకెళ్ళేవాడు. ఆ బాకీ తీరేదాకా అతను చూపించిన పనే చెయ్యాలి. రేవులో బస్తాలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో చేసేవాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు, వీధులూడ్చేవాళ్ళు చాలామంది మనవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో ఉన్న 4 లక్షల మందిలో సగానికి పైగా ఇండియన్లు. తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలనేవారు. అయ్య కెమ్మెండైన్ దగ్గర ఒక బియ్యం మిల్లులో పనిచేసేవాడు. నేనూ తమ్ముడూ అక్కడే పుట్టాం.

అయ్య వెళ్ళిన నాటికి బర్మా వేరే దేశం కాదు, బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. అప్పటికే అక్కడ మాకు నిశ్చింత పోయింది. 1930లో రేవు కూలీల సమ్మె వెనకే వచ్చిన అల్లర్లలో తెలుగువాళ్ళు ఎందరో చచ్చిపోయారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. 1938 అల్లర్లు నాకు లీలగా గుర్తు. అమ్మ తలుపుకు అడ్డంగా రోలు దొర్లించి మమ్మల్ని మంచం కింద పడుకోబెట్టింది. అందుకే యుద్ధం వచ్చినప్పుడు మా భయం రెండింతలైంది. పైనుంచి జపాన్ బాంబులు పడతాయి. తెల్లవాళ్ళు ఊరొదిలి పోతే కింద మమ్మల్ని కాచేవాళ్ళుండరు.

1941 డిసెంబరు 23 పొద్దున రంగూన్‌మీద మొదటి బాంబులు పడ్డాయి. రేవు దగ్గర కూలీలు విమానాల్ని చూడ్డానికి వీధుల్లోకొచ్చి నిలబడ్డారు. బాంబుల సమయంలో ఏం చెయ్యాలో వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ ఒక్క రోజులో చనిపోయినవాళ్ళు వేలల్లో ఉంటారు. క్రిస్మస్ రోజున మళ్ళీ పడ్డాయి. జనం మూటలు నెత్తిన పెట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. అందులో మేమూ ఉన్నాం. కూలీలు పోతే రేవు నడవదు. పట్నానికి తిరిగి వెళ్ళండి, కాపాడతాం అని అధికారులు దారిలో నచ్చజెప్పి చాలామందిని వెనక్కి మళ్ళించారు. మేమూ తిరిగొచ్చాం. ఓడలో పోదామంటే, ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కొచ్చు గానీ పనిచేసే మగవాడికి డెక్కు టిక్కెట్టు ఇవ్వబోమన్నారు. డబ్బున్నవాళ్ళకు పై తరగతి టిక్కెట్లు దొరికేవి. అమ్మ అయ్యను వదిలి ఓడెక్కనంది.

ఫిబ్రవరిలో పట్నం ఖాళీ చెయ్యమన్నాక, అంతవరకూ కదలొద్దన్న నోళ్ళే వెళ్ళిపొమ్మన్నాయి. అప్పటికి ఓడలు లేవు. మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. మేం అప్పటికి రైలు మీద మాండలే చేరాం. పట్నం బయట చింతచెట్ల కింద వేలమంది పడి ఉన్నారు. అక్కడే కలరా మొదలైంది. అక్కణ్ణించి మొనివా, మొనివా నుంచి చింద్విన్ నదిమీద పడవలో కలేవా. ఆ తరవాత ఉన్నది నడకే. కబా లోయ గుండా తమూ దాకా, తమూ నుంచి మణిపూర్ కొండలెక్కి పలేల్ దాకా. ఏప్రిల్ 3న మాండలే మీద బాంబులు పడి ఊరు తగలబడిందని దారిలో మా వెనక వచ్చినవాళ్ళు చెప్పారు.

కబా లోయ అంతా టేకు అడవి. వేసవి కాబట్టి ఆకు రాలిపోయి నీడ లేదు. వాగులు ఎండిపోయి అక్కడక్కడా మడుగులు మిగిలాయి. ఒక మడుగు కనబడితే వందలమంది ఒక్కసారి దిగేవాళ్ళు. తాగేది అందులోనే, కాళ్ళు కడిగేది అందులోనే. ముందు వెళ్ళినవాళ్ళలో పోయినవాళ్ళు కొందరు ఆ నీళ్ళ పక్కనే ఉండేవారు. దాహమేసినవాడు నీళ్ళ దాకా పాక్కుంటూ వస్తాడు కదా, అక్కడే పోతాడు. అమ్మ మా మొహాలు తన కొంగుతో కప్పి ఆ నీళ్ళను గుడ్డలో వడకట్టి పోసేది. కాచుకోవడానికి గిన్నె ఉంది, చుట్టూ పుల్లలున్నాయి. ఆగడానికే ధైర్యం లేదు. గుంపు నుంచి విడిపోయినవాళ్ళను దారిదోపిడీగాళ్ళు కొడుతున్నారని అందరూ అనుకునేవారు. అందుకని పొయ్యి వెలిగించకుండా నడిచారు.

అమ్మకు ఒక రాత్రి మొదలైంది. తెల్లారేసరికి కళ్ళు లోపలికి పోయాయి, గొంతు పోయింది. చేతివేళ్ళు చాకిరేవులో రోజంతా నానినట్టు ముడతలు పడ్డాయి. నీళ్ళు అడుగుతూనే ఉంది. అయ్య మడుగు కోసం వెనక్కి పరిగెత్తి తెచ్చిన నీళ్ళు లోపల నిలవలేదు. చుట్టూ జనం నడుస్తూనే ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ దగ్గరా ఏమీ లేదు. ఒక ముసలాయన మాత్రం ఆగి తన గొడుగు విప్పి అమ్మ మొహానికి ఎండ తగలకుండా కాసేపు పట్టుకున్నాడు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఆ నీడ తప్ప మరేదీ లేదు. అమ్మ చివరగా నా చెయ్యి పట్టుకుని, ‘గుంటడ్ని ఒగ్గీకు’ అంది. మధ్యాహ్నానికి పోయింది. నేల గట్టిగా ఉంది, పార లేదు. అయ్య చేతులతో, రేకు డబ్బా మూతతో తవ్వగలిగినంత తవ్వి, ఆకులూ రాళ్ళూ కప్పాడు. తమ్ముడికి నాలుగేళ్ళు. అమ్మ ఎందుకు లేవలేదని అడగలేదు. ఆ దారిలో అలా పడుకున్నవాళ్ళను అప్పటికే ఎందరినో చూశాడు.

తమూలో కొండదారి ఎక్కే ముందు జనాన్ని ఆపి, రోజుకింత మందినని వదిలేవారు. పైన ఉన్న నీళ్ళకూ తిండికీ సరిపడేటంత మందే వెళ్ళాలన్నది లెక్క. లెక్క సరైందే కావచ్చు. ఆ వరసలో నిలబడినవాళ్ళకు మాత్రం మంచినీళ్ళు లేవు. పైగా తెల్లవాళ్ళకు సాయం ఒక తీరుగా, మాకు ఇంకో తీరుగా అందడం అక్కడున్న అందరం కళ్ళారా చూశాం. వాళ్ళకు ఏనుగులు, డోలీలు, విడి బసలు. ఇది మా ఒక్కరి మాట కాదు. 1942 ఏప్రిల్ చివర అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బర్మా కాందిశీకుల పట్ల చూపిన ఈ వివక్షను ఖండించింది.

మణిపూర్ కొండల్లో దారి మారిపోయింది. అక్కడ నేను చూసిందే ఇది రాయడానికి అసలు కారణం.

అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం తోటల్లోని కూలీల్ని వేలసంఖ్యలో ఆ కొండలమీదికి పంపింది. సైన్యం కోసం దిమాపూర్ నుంచి ఇంఫాల్, పలేల్ మీదుగా తమూ వైపు రోడ్డు వెయ్యడం వాళ్ళ పని. ఆ పనితో పాటు కాందిశీకులకు మజిలీలు కట్టడం, అన్నం వండటం, నీళ్ళు మొయ్యడం కూడా వాళ్ళమీదే పడింది. వెదురు పాకలు వేశారు. పాకల ముందు పెద్ద పీపాల్లో టీ మరుగుతూ ఉండేది. చక్కెర బాగా వేసేవారు. మాకు ఇచ్చిన మొదటిది అదే, వేడి టీ. ఆ ఆలోచన ఎంత గొప్పదో పెద్దయ్యాక తెలిసింది. టీ పెట్టాలంటే నీళ్ళు మరగాలి. నీళ్ళు మరిగితే కలరా చస్తుంది. చక్కెర నడిచే సత్తువనిస్తుంది. కాచిన నీళ్ళు తాగండని పరాయి భాషలో పదిసార్లు చెప్పే బదులు చేతికి టీ లోటా ఇచ్చారు.

తరవాత గంజి. ఆకలితో వచ్చినవాళ్ళకు వెంటనే ముద్ద పెట్టలేదు. పలచటి గంజి, చిటికెడు ఉప్పు. పెద్దవాళ్ళు అన్నం కోసం కేకలు వేస్తే వడ్డించేవాళ్ళు చేతులు జోడించి, కాసేపాగండి అని సైగ చేసేవారు. ఆ పక్కనే మరుగుదొడ్డికి తవ్విన కందకాలు, వాటిమీద సున్నం. అవతల సూది. కలరా సూది వేయించుకుంటే గానీ ముందుకు పోనివ్వలేదు. సూది చూసి నేను పారిపోతే ఒకామె పట్టుకొచ్చి తన ఒళ్ళో కూచోబెట్టుకుంది. ఆమె ఒంటికి పొగవాసన.

తమ్ముడికి అక్కడే మొదలైంది, టీ తాగిన పాక ముందే. అమ్మకు వచ్చినట్టే వచ్చింది. అది చూడగానే అయ్య నేలమీద కూలబడి తల కొట్టుకున్నాడు. అప్పుడు రోడ్డు పనిచేస్తున్న మనిషి ఒకడు పార పడేసి వచ్చి, ‘ఏ ఊరు బాబూ మీది?’ అని తెలుగులో అడిగాడు. అతని తాత పార్వతీపురం వైపు నుంచి అస్సాం తోటలకు వలసపోయినవాడట. అతను మన తెలుగు ఊరు ఒక్కటీ చూడలేదు. అతని తెలుగులో సగం మాటలు మాకు తెలియనివి. అయినా ఆ కొండమీద మాకు అర్థమయ్యే మాట అదొక్కటే. తమ్ముణ్ణి భుజాన వేసుకుని జబ్బు మనుషుల్ని ఉంచే పాకకు పరిగెత్తాడు. అక్కడొక బెంగాలీ డాక్టరు, ఇద్దరు కాంపౌండర్లు. వెదురు తడికె మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి సీసా వేలాడదీసి సూదితో ఉప్పునీళ్ళెక్కించారు. రాత్రంతా ఆ తోట కూలి అక్కడే కూచుని చెంచాతో నోట్లో నీళ్ళు పోశాడు. వాంతి చేసుకుంటే తుడిచి మళ్ళీ పోశాడు. తెల్లారుజామున తమ్ముడు ఉచ్చ పోశాడు. డాక్టరు నవ్వి అయ్య భుజం తట్టాడు. బతికాడని మాకు తెలిసింది అప్పుడే.

ఆ రోడ్డుమీద తోట కూలీలు కూడా కలరాతో, మలేరియాతో పోయారు. వాళ్ళు దొరల జట్లలో, రోజుకూలికి, చాలామంది తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా అక్కడికొచ్చినవాళ్ళు. మా ప్రాణాలు నిలిపింది వాళ్ళ చేతులు. చరిత్ర పుస్తకాల్లో జనరళ్ళ పేర్లుంటాయి. గంజి కాచినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మా కుటుంబానికి కూడా తెలియదు, ఆ కంగారులో అడగలేదు.

పలేల్ నుంచి లారీలు. సైన్యానికి సరుకు దించి ఖాళీగా తిరిగిపోయే లారీల్లో కాందిశీకుల్ని ఎక్కించి, ఇంఫాల్, కోహిమాల మీదుగా దిమాపూర్ పంపేవారు. దిమాపూర్‌లో పెద్ద శిబిరం, పక్కనే రైలు స్టేషన్. పేరు, ఊరు రాసుకుని ఊరిదాకా ఉచితంగా రైలు పాసు ఇచ్చారు. పాండు దగ్గర బ్రహ్మపుత్ర దాటి కలకత్తా చేరాం. స్టేషన్లలో రామకృష్ణ మిషన్, మార్వాడీ రిలీఫ్ సొసైటీ వంటి సంస్థల మనుషులు కాందిశీకులకు అన్నం, బట్టలు, మందులు ఇచ్చేవారు. నాకొక తెల్ల గౌను దొరికింది. అమ్మ కొంగు ముక్కతో కట్టుకున్న గుడ్డను అయ్య అప్పుడు గానీ నా ఒంటినుంచి విప్పలేదు.

వాల్తేరులో దిగేసరికి విశాఖపట్నం సగం ఖాళీగా ఉంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. జనం తట్టాబుట్టా సర్దుకుని పల్లెలకు పోయారు. బాంబులకు భయపడి ఒక దేశం దాటి వచ్చిన మాకు, ఆ బాంబులే ముందుగా వచ్చి ఎదురుచూస్తున్నట్టనిపించింది. మా పల్లెలో కొందరు మమ్మల్ని ఊళ్ళోకి రానివ్వడానికి జంకారు, జబ్బు తెస్తామని. మా మేనత్త పొలిమేర దగ్గరికే వచ్చి, చోడి అంబలి కుండ దించి, మాతోపాటు చెట్టు కిందే మూడు రాత్రులు పడుకుంది. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడాది బర్మా నుంచి ఇండియాకు తరలి వచ్చినవాళ్ళు దాదాపు 5 లక్షలమంది అంటారు. దారిలో పోయినవాళ్ళు తక్కువలో తక్కువ 10 వేలు. అంతకు ఎన్నో రెట్లు ఉంటారన్న లెక్కలూ ఉన్నాయి. అడవిలో ఎవరు లెక్కపెట్టారు? ఆ లెక్కలో మా అమ్మ ఉందో లేదో తెలియదు.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఇదంతా పిల్లలకు పాఠంగా ఎప్పుడూ చెప్పలేదు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక తమూ పేరు మళ్ళీ పేపర్లో చూశాను. కాల్పులకు జడిసి అక్కడి జనం మణిపూర్‌లోకి, మిజోరంలోకి వస్తున్నారు. తమూ నుంచి మణిపూర్‌కు మేం నడిచిన దారే అది. ఆ మార్చి నెలాఖరులో మణిపూర్ ప్రభుత్వం సరిహద్దు జిల్లాల అధికారులకు ఒక ఉత్తరువు పంపింది. వచ్చేవాళ్ళకు తిండి, నీడ ఇచ్చే శిబిరాలు తెరవొద్దని, మర్యాదగా వెనక్కి పంపమని. ఒళ్ళు తీవ్రంగా గాయపడితే మాత్రం వైద్యం చెయ్యొచ్చన్నారు. నలుదిక్కులా విమర్శలొచ్చాక కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 1942లో అదే కొండమీద అటువంటి ఉత్తరువు ఉండి ఉంటే నాకు తమ్ముడు లేడు.

మిజోరంలో ఇంకో రకంగా జరిగింది. సరిహద్దు పల్లెల వాళ్ళు, చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ వంటి సంఘాలు పాకలు వేసి, బియ్యం పోగుచేసి పెట్టాయి. వచ్చినవాళ్ళు తమ చుట్టాలేనని ఆ రాష్ట్ర అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి రాశారు. వేల కుటుంబాలు అలా నిలబడ్డాయి. ఆదుకున్నవాళ్ళేమీ సంపన్నులు కారు.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంమీద సంతకం చెయ్యలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టం లేదు. అందుకని ఎవర్ని ఆదుకోవాలో, ఎవర్ని తిప్పి పంపాలో ఏ పూటకాపూట, ఏ ఆఫీసుకా ఆఫీసు తేల్చుకుంటోంది. వచ్చినవాళ్ళు ఎవరు, ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని ప్రభుత్వం అడగొద్దని నేననను. అడగాలి, రాసుకోవాలి. దిమాపూర్‌లో మమ్మల్నీ అడిగారు, మేమూ చెప్పాం. అది టీ తాగాక, గంజి తాగాక, సూది వేశాక.

సాయం ఎక్కడ మొదలవ్వాలన్నది నాకు చాలా సూటిగా కనిపిస్తుంది. శిబిరం గేటు దగ్గర మొదలైతే, గేటు దాకా రాగలిగినవాళ్ళకే అది అందుతుంది. మా అమ్మ రాలేకపోయింది. కాచిన నీళ్ళు, ఉప్పూ చక్కెరా, సూది వేసే మనిషి, వాళ్ళ మాట తెలిసిన ఒక్కరు — ఇవి దారికి ఎదురెళ్ళాలి, మనిషి పడిపోయే చోటికి వెళ్ళాలి. ఇప్పుడు ఆ ఉప్పూ చక్కెరా పొడి ఓఆర్‌ఎస్ పొట్లంగా ప్రతి మందుల షాపులో దొరుకుతోంది. 1942లో ఒక పీపా, ఒక డాక్టరు, ఒక తోట కూలి చేసిన పనిని ఇవాళ చెయ్యలేమని ఏ ప్రభుత్వం చెప్పినా నేను నమ్మను. తమూ దారిలో వచ్చేవాళ్ళు బర్మా వాళ్ళు కావచ్చు, చిన్ వాళ్ళు కావచ్చు, రోహింగ్యాలు కావచ్చు. ఎదురెళ్ళి నీళ్ళివ్వండి. పేరు ఆ తరవాత అడగండి.